కృష్ణ పదార్థం కృష్ణ పరమాత్మ కాదు

ఆధ్యాత్మిక సభలలో ఇటీవల ఒక వాదం తరచుగా వినవస్తున్నది. విశ్వంలో కంటికీ దూరదర్శినికీ గోచరించే పదార్థం 5 శాతమేనని, మిగిలిన 95 శాతం అగోచరమని ఆధునిక ఖగోళశాస్త్రం అంగీకరించిందట. ఆ అగోచరమే ఉపనిషత్తులు ఘోషించిన బ్రహ్మమట. ఋషులు ఏనాడో దర్శించినదాన్ని పాశ్చాత్యులు ఇప్పుడు వేల కోట్లు వెచ్చించి వెదుకుతున్నారట. వాక్యం పూర్తి కాకముందే సభలో కరతాళధ్వనులు మోగుతాయి. వక్త సంతృప్తుడవుతాడు, శ్రోత గర్వంతో ఇంటికి వెళ్తాడు. వేదాంతానికి జరిగిన నష్టాన్ని మాత్రం ఎవరూ గమనించరు.

ఆ నష్టం చిన్నది కాదు. బ్రహ్మమును ఒక భౌతికద్రవ్యంతో సమీకరించడం శ్రుతికి ప్రశంసగా వినిపిస్తుంది. ఫలితంలో అది శ్రుతిని భౌతికశాస్త్రానికి ఉపగ్రంథంగా దిగజారుస్తుంది. నాస్తికుడు వేదాన్ని నిరాకరిస్తే ఆస్తికుడు సమాధానం వెదుక్కుంటాడు. ఆస్తికుడే వేదార్థాన్ని మార్చివేస్తే సమాధానం చెప్పవలసిన అవసరం కూడా ఎవరికీ తోచదు. కనుక ఈ వాదాన్ని సంప్రదాయం నేర్పిన పద్ధతిలోనే, పూర్వపక్షాన్ని పూర్తిగా ఉంచి, ఆపై పరీక్షించడం న్యాయం.

పూర్వపక్షం

ఈ వాదానికి నాలుగు ముఖాలున్నాయి.

మొదటిది నామసామ్యం. ఆంగ్లంలో డార్క్ మ్యాటర్, డార్క్ ఎనర్జీ అని వ్యవహరించేవాటికి తెలుగులో కృష్ణ పదార్థం, కృష్ణ శక్తి అనే అనువాదాలు స్థిరపడ్డాయి. నల్లనివాడు కృష్ణుడు, సర్వవ్యాపి విష్ణువు. కనుక విశ్వమంతా వ్యాపించిన కృష్ణ పదార్థం ఆయన స్వరూపమే అంటారు.

రెండవది మాయాసామ్యం. కనిపించకుండానే కనిపించేవాటిని నడిపించేది మాయ. కృష్ణ పదార్థం కూడా కనిపించకుండానే గెలాక్సీలను నడిపిస్తున్నది. కనుక రెండూ ఒకటే అంటారు.

మూడవది సంఖ్యాసామ్యం. పురుషసూక్తం సమస్త భూతజాలాన్ని పురుషుని ఒక పాదంగాను, తక్కిన మూడు పాదాలను ద్యులోకంలోని అమృతంగాను వర్ణించింది. కనిపించేది స్వల్పం, కనిపించనిది అధికం అన్న ఆధునిక గణనకు ఇదే మూలమని వీరి భావన.

నాలుగవది శక్తిసామ్యం. బ్రహ్మశబ్దం వృద్ధ్యర్థకమైన 'బృహ్' ధాతువు నుంచి పుట్టింది. విశ్వాన్ని విస్తరింపజేసేది కృష్ణ శక్తి. కనుక కృష్ణ శక్తియే బ్రహ్మము, లేదా బ్రహ్మము యొక్క పరాశక్తి అంటారు.

ఈ నలుగురి ఉద్దేశం దుష్టం కాదు. పరాయి పాలనలో చిరకాలం అవమానింపబడిన విద్యకు గౌరవం తిరిగి రావాలన్న ఆకాంక్ష వీరిది. కాని ఆకాంక్ష ప్రమాణం కాదు. ప్రమేయాన్ని నిర్ణయించేముందు, ఎవరి మాటలను ఆధారంగా చూపుతున్నారో ఆ శాస్త్రజ్ఞులు వాస్తవంగా ఏం చేశారో తెలుసుకోవాలి. సభలలో సాధారణంగా లోపించేది ఇదే.

సర్వేక్షణలు కొలిచేది ఏమిటి?

1933లో ఫ్రిట్జ్ జ్వికీ అనే ఖగోళవేత్త కోమా గుచ్ఛంలోని గెలాక్సీల వేగాలను పరిశీలించాడు. వెలుగునిచ్చే ద్రవ్యం మాత్రమే అక్కడ ఉంటే, అంత వేగంగా చరించే గెలాక్సీలను పట్టి ఉంచే ఆకర్షణ చాలదు; గుచ్ఛం ఎన్నడో చెదిరిపోయి ఉండాలి. చెదరలేదు. కనుక కాంతినివ్వని ద్రవ్యం అక్కడ ఉండాలని ఆయన ఊహించాడు. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ భ్రమణాన్ని కొలిచారు. సూర్యునికి దూరమయ్యేకొద్దీ గ్రహాల వేగం తగ్గినట్లు, గెలాక్సీ కేంద్రానికి దూరమయ్యేకొద్దీ వేగం తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. అంచులలోని వాయుమేఘాల వేగం అలా తగ్గలేదు. వెలుగు ఆగిపోయిన చోట ద్రవ్యం ఆగిపోలేదని దాని తాత్పర్యం.

న్యాయశాస్త్రం దీనిని శేషవత్ అనుమానం అంటుంది. నదిలో పొంగు చూసి ఎగువన వర్షం కురిసిందని నిర్ణయించడం దానికి ప్రాచీన దృష్టాంతం. కార్యం చూసి కారణాన్ని ఊహించడమే జ్వికీ, రూబిన్ చేసినది.

కృష్ణ శక్తి చరిత్ర వేరు. దూరపు సూపర్‌నోవాల కాంతిని కొలిచిన రెండు స్వతంత్ర బృందాలు 1998లో ఒకే నిర్ణయానికి వచ్చాయి: విశ్వవిస్తరణ మందగించడం లేదు, త్వరణం పొందుతున్నది. అందుకు సాల్ పెర్ల్‌ముట్టర్, బ్రయన్ ష్మిట్, ఆడమ్ రీస్ 2011లో నోబెల్ పురస్కారం అందుకున్నారు. త్వరణానికి కారణం ఏదో తెలియదు. తెలియని ఆ కారణానికి పెట్టుకున్న పేరు డార్క్ ఎనర్జీ.

ఒక గెలాక్సీని, ఒక గుచ్ఛాన్ని చూసి ఈ రెండింటి స్వభావాన్ని నిర్ణయించడం అసాధ్యం. లక్షల, కోట్ల గెలాక్సీలు ఆకాశంలో ఎక్కడెక్కడ, ఎంతెంత దూరంలో ఉన్నాయో తెలియాలి. అందుకే సర్వేక్షణలు మొదలయ్యాయి. అమెరికాలోని న్యూ మెక్సికోలో 2.5 మీటర్ల దర్పణం గల దూరదర్శినితో 2000లో స్లోన్ సర్వేక్షణ ప్రారంభమైంది. ఆకాశంలో గెలాక్సీలున్న స్థానాలకు అనుగుణంగా అల్యూమినియం పలకలకు రంధ్రాలు తొలిచి, ప్రతి రంధ్రంలోను ఒక ఆప్టికల్ ఫైబరును మనుషులు చేతితో అమర్చేవారు. ఒక్కొక్క తంతువు ఒక్కొక్క గెలాక్సీ కాంతిని వర్ణపటమాపకానికి చేరవేసేది. వర్ణపటంలోని రేఖలు ఎరుపువైపు ఎంత జరిగాయో చూసి, ఆ కాంతి బయలుదేరిన నాటినుంచి విశ్వం ఎంత విస్తరించిందో గణించేవారు.

ఆ శ్రమ ఫలించింది. ఆదిమ విశ్వం అత్యుష్ణంగా ఉన్నప్పుడు అందులో ధ్వనితరంగాలు సంచరించాయి. విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్ల వయస్సు వచ్చేసరికి అది చల్లబడి, కాంతి ద్రవ్యం నుంచి విడివడి, ఆ తరంగాలు నిలిచిపోయాయి. అవి అప్పటికి ప్రయాణించిన దూరం ద్రవ్యవితరణలో ముద్రగా మిగిలింది. నేడు ఆ దూరం సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాలు. అంటే రెండు గెలాక్సీల మధ్య అంత దూరం ఉండే అవకాశం, దానికి కొంచెం తక్కువ ఎక్కువ దూరాలు ఉండే అవకాశం కంటే స్వల్పంగా అధికం. స్లోన్ బృందం 46,748 గెలాక్సీలను పరిశీలించి ఈ స్వల్పాధిక్యాన్ని 2005లో కనుగొన్నది. ఆస్ట్రేలియాలోని దూరదర్శినితో జరిగిన మరొక సర్వేక్షణ కూడా అదే ఏడాది అదే ముద్రను గుర్తించింది. విశ్వవిస్తరణను యుగయుగాలలో కొలిచేందుకు మానవునికి ఒక మానదండం లభించింది.

ఆ మానదండాన్ని మరింత సూక్ష్మంగా ప్రయోగించేది డెసి. అరిజోనాలోని కిట్ పీక్ శిఖరంపై 4 మీటర్ల దూరదర్శినికి అమర్చిన ఈ యంత్రంలో 5,000 తంతువులున్నాయి. పూర్వం చేతులు చేసిన పనిని ఇప్పుడు ప్రతి తంతువునూ కదిపే చిన్న రోబోలు చేస్తున్నాయి. 2021 మే నెలలో మొదలైన ఈ సర్వేక్షణ తొలి మూడేళ్లలోనే కోటికి మించిన గెలాక్సీల, క్వాసార్ల దూరాలను నిర్ణయించింది.

వేరొక మార్గం గురుత్వ కటక ప్రభావం. దూరపు గెలాక్సీ కాంతి దారిలో ఉన్న ద్రవ్యం పక్కగా వచ్చేటప్పుడు వంగుతుంది. ఆ గెలాక్సీ ఆకారం అతిస్వల్పంగా సాగినట్లు కనిపిస్తుంది. ఒక్క గెలాక్సీలో ఈ వక్రత తెలియదు. కోట్ల గెలాక్సీల ఆకారాలను కలిపి చూస్తే, మధ్యనున్న ద్రవ్యం వెలిగేదైనా వెలగనిదైనా దాని పటం తేలుతుంది. చిలీలోని సెర్రో టొలోలోలో 570 మెగాపిక్సెళ్ల కెమెరాతో 2013 నుంచి 2019 వరకు 758 రాత్రులు సాగిన డార్క్ ఎనర్జీ సర్వే ఈ పని చేసింది. 2023 జూలై 1న ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రయోగించిన యూక్లిడ్, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి ఆకాశంలో మూడవవంతును ఇదే ఉద్దేశంతో పరిశీలిస్తున్నది. చిలీలోనే సెర్రో పచోన్‌పై 8.4 మీటర్ల దర్పణంతో నిర్మితమైన వేరా రూబిన్ వేధశాల తొలి చిత్రాలు 2025 జూన్‌లో వెలువడ్డాయి.

ఇదంతా ఇంద్రియాలకు యంత్రం చేసిన సాయంతో లభించిన ప్రత్యక్షం. దానిపై గణితం నిలిపిన అనుమానం. సభలో పలికే '95 శాతం' అనే మూడక్షరాల ముచ్చట వెనుక ఇన్ని రాత్రుల జాగరణ ఉన్నది. ఆ జాగరణలో ఎక్కడా బ్రహ్మజిజ్ఞాస లేదు. ఉన్నట్లు ఆ శాస్త్రజ్ఞులు చెప్పుకోలేదు కూడా.

నాలుగు సామ్యాల పరీక్ష

నామసామ్యం అతి దుర్బలం. నలుపు కాంతిని హరిస్తుంది. కృష్ణ పదార్థం కాంతిని వెలువరించదు, హరించదు. కాంతి దాని గుండా నిరాటంకంగా సాగిపోతుంది. స్వచ్ఛమైన గాజుకంటే పారదర్శకమైనదాన్ని నల్లనిది అనడం ఉపచారమాత్రం. తొలి అనువాదకుడు 'అదృశ్య పదార్థం' అని రాసి ఉంటే ఈ వాదం పుట్టేదే కాదు. అనువాదకుని అభిరుచిపై ఆధారపడిన పరమాత్మ ఎవరికి శరణ్యుడు? కృష్ణశబ్దం వినిపించిన ప్రతిచోటా వాసుదేవుడే ఉంటే కృష్ణసర్పం, కృష్ణపక్షం, కృష్ణబిలం కూడా ఆరాధ్యాలు కావాలి.

తమస్సు ద్రవ్యమా, తేజోభావమా అని భాట్ట మీమాంసకులకు, నైయాయికులకు జరిగిన చర్చను కొందరు ఇక్కడ స్మరిస్తారు. చీకటికి నీలరూపం ఉన్నది, చలనం ఉన్నది, కనుక అది ద్రవ్యమని భాట్టుల పక్షం. తేజస్సు లేకపోవడమే చీకటి అని నైయాయికుల పక్షం. ఆ చర్చ కంటికి తోచే చీకటిని గురించినది. భాట్టుల యుక్తి చీకటికి రూపం ఉన్నదన్న అంశంపైనే నిలిచింది. రూపమే లేని కృష్ణ పదార్థానికి ఆ యుక్తి సరిగ్గా ప్రతికూలం. పేరు కలిసింది, హేతువు తిరగబడింది.

మాయాసామ్యంలో దోషం మరింత లోతైనది. అద్వైతంలో దృశ్యం అంటే కంటికి కనిపించేది మాత్రమే కాదు. జ్ఞానానికి విషయమయ్యేదంతా దృశ్యం. మనస్సులో కదిలే సంకల్పం దృశ్యం, అనుమానంతో తెలిసే అగ్ని దృశ్యం, గణితంతో తెలిసే కృష్ణ పదార్థమూ దృశ్యమే. దూరదర్శినికి అదృశ్యమైనంత మాత్రాన అది దృశ్యకోటిని దాటి దృక్కు కాజాలదు. ఇంకొక మాట: మాయ కనిపించని 95 శాతంలో దాగి ఉన్నదంటే, కనిపించే 5 శాతం మాయాతీతమైన సత్యమని అంగీకరించినట్లవుతుంది. ఏ అద్వైతి దీనికి సమ్మతిస్తాడు? రజ్జువులో తోచిన సర్పానికి తల మిథ్య, తోక సత్యం అన్నట్లుంటుంది ఈ విభాగం.

సంఖ్యాసామ్యం గణితపరీక్షకే నిలవదు. ప్లాంక్ ఉపగ్రహ పరిశీలనల ప్రకారం సాధారణ పదార్థం సుమారు 5 శాతం, కృష్ణ పదార్థం సుమారు 27 శాతం, కృష్ణ శక్తి సుమారు 68 శాతం. ఇందులో పాదం ఏది, త్రిపాదం ఏది? 5ను పాదమంటే పాతికకు చాలా తక్కువ. 5, 27 కలిపి 32ను పాదమంటే పాతికకు ఎక్కువ. ఎటు సరిపోతే అటు కలిపి, సరిపోనిచోట 'సుమారు' అనేవాడు గణించడం లేదు, బుజ్జగిస్తున్నాడు. ఆ పైన ఈ నిష్పత్తి శాశ్వతం కాదు. విశ్వం విస్తరించేకొద్దీ పదార్థసాంద్రత పలుచబడుతుంది. 1380 కోట్ల ఏళ్ల విశ్వచరిత్ర తొలిదశలో కృష్ణ శక్తి వాటా అత్యల్పం. సుదూర భవిష్యత్తులో పదార్థం వాటా అత్యల్పం. పురుషుని పాదాలు యుగానికొకలా పెరిగి తరుగుతాయని సూక్తార్థం చెప్పదలచినవారు ముందుకు రావాలి. సూక్తం చెప్పినది ఈ జగత్తు పురుషుని మహిమను పూర్ణంగా కొలవజాలదని. దానినే కొలతల పట్టికగా మార్చడం సూక్తాన్ని తలక్రిందులుగా చదవడం.

శక్తిసామ్యం చూడడానికి గంభీరం. కాని బ్రహ్మశబ్దంలోని బృహత్త్వాన్ని భాష్యకారులు నిరతిశయ మహత్త్వంగా, దేశకాలవస్తు పరిచ్ఛేదం లేకపోవడంగా వ్యాఖ్యానించారు. రబ్బరు బెలూను ఉబ్బినట్లు పెరగడం ఆ శబ్దానికి అర్థం కాదు. పెరిగేదానికి పెరగకముందు హద్దు ఉండాలి, హద్దున్నది బ్రహ్మము కాదు. కృష్ణ శక్తి ఏదైనా కానివ్వండి, అది జడం. దానికి సాంద్రత ఉన్నది, పీడనం ఉన్నది, అది సమీకరణంలో ఒక పదం. చైతన్యం సమీకరణంలో పదం కాదు.

క్షీణించే బ్రహ్మము?

ఇక్కడ నిజమైన ప్రమాదం ఎదురవుతుంది. స్థిరవిశ్వాన్ని నిలబెట్టేందుకు ఐన్‌స్టయిన్ 1917లో తన సమీకరణాలలో ఒక స్థిరాంకాన్ని చేర్చాడు. విశ్వం విస్తరిస్తున్నదని హబుల్ పరిశీలనలతో తేలిన పిమ్మట దానిని విడిచిపెట్టాడు. 1998 అనంతరం అదే స్థిరాంకం కృష్ణ శక్తికి సరళమైన వివరణగా తిరిగి వచ్చింది. దేశమంతటా సమం, కాలమంతటా మార్పులేనిది అన్న దాని లక్షణం వినగానే కొందరు వక్తలు నిర్వికార బ్రహ్మము దొరికిందని సంబరపడ్డారు.

2024 ఏప్రిల్‌లో డెసి తొలి ఫలితాలను ప్రకటించింది. 2025 మార్చిలో మూడేళ్ల సమాచారంతో వాటిని మరింత బలపరిచింది. డెసి కొలతలను ఆదిమకాంతి పరిశీలనలతోను, సూపర్‌నోవా పరిశీలనలతోను కలిపి చూస్తే, కృష్ణ శక్తి స్థిరం కాకపోవచ్చునని, కాలక్రమంలో క్షీణిస్తున్నదేమోనని ఒక సూచన కనిపించింది. ఏ సూపర్‌నోవా సంకలనాన్ని కలిపారన్నదాన్ని బట్టి ఆ సూచన బలం 2.8 నుంచి 4.2 సిగ్మాల మధ్య ఉన్నది. భౌతికశాస్త్రంలో ఆవిష్కరణగా ప్రకటించేందుకు 5 సిగ్మాలు కావాలన్నది సంప్రదాయం. కనుక అది ఇంకా నిర్ణయం కాదు. రేపు బలపడవచ్చు, వీగిపోవచ్చు. శాస్త్రజ్ఞులకు రెండూ సమ్మతమే. కొలత ఎటు నడిపితే అటు నడవడం వారి వ్రతం.

కృష్ణ శక్తియే బ్రహ్మమని బోధించినవారి గతి ఏమిటి? సూచన బలపడితే బ్రహ్మము క్షీణిస్తున్నదని చెబుతారా? వీగిపోతే అరిజోనా శిఖరంపై బ్రహ్మము రక్షింపబడిందని ఊపిరి పీల్చుకుంటారా? ఒక యంత్రం ఫలితం కోసం ఎదురుచూడవలసిన నిత్యత్వం నిత్యత్వమేనా? జనన, వృద్ధి, పరిణామ, క్షయాది షడ్భావవికారాలు లేనిది ఆత్మ అని బోధించిన సంప్రదాయంలో పుట్టి, వికారం ఉన్నదో లేదో ఇంకా తేలని ఒక ద్రవ్యానికి ఆత్మ పేరు పెట్టడం ఎంతటి సాహసం!

ఇది కొత్త ప్రమాదం కూడా కాదు. పందొమ్మిదవ శతాబ్ది భౌతికశాస్త్రం కాంతితరంగాలకు ఆధారంగా ఈథర్ అనే ద్రవ్యాన్ని కల్పించింది. ఆకాశశబ్దాన్ని ఈథర్ అని అనువదించడం ఆనాటి పండితులకు అలవాటైంది. వివేకానందస్వామి అంతటివారు 1896లో ఒక లేఖలో, శక్తి, ద్రవ్యం రెండూ ఒకే మూలంలో లయమవుతాయని గణితపూర్వకంగా నిరూపించగలనని నికోలా టెస్లా భావిస్తున్నట్లు ఆశతో రాశారు. ఆ నిరూపణ రాలేదు. 1887 నాటి మైకెల్సన్, మోర్లీ ప్రయోగం అప్పటికే ఈథర్‌ను సందేహంలో పడవేసింది. 1905లో ఐన్‌స్టయిన్ దానిని అనావశ్యకం చేశాడు. నిజానికి దర్శనాలలో ఆకాశానికి గుణం శబ్దం; కాంతి తేజస్సుకు చెందినది. కాంతికోసం కల్పించిన ఈథర్ ఆకాశం ఎలా అవుతుందని అడిగి ఉంటే ఆనాడే సందేహం తొలగేది. వివేకానందుల మహిమ ఈథర్‌పై నిలవలేదు కనుక ఈథర్‌తో పోలేదు. అది త్యాగంపై, అనుభూతిపై నిలిచింది. నేటి వక్తలలో ఎందరికి ఆ రెండవ ఆధారం ఉన్నది?

ప్రమాణవ్యవస్థ

ఆచార్యులు ఈ విషయంలో సందేహానికి తావివ్వలేదు. ప్రత్యక్షానుమానాలకు అందనిచోటనే శ్రుతి ప్రమాణమని, అగ్ని చల్లనిదని వంద శ్రుతులు చెప్పినా వాటికి ఆ విషయంలో ప్రామాణ్యం రాదని శంకర భగవత్పాదులు గీతాభాష్యం చివరి అధ్యాయంలో స్పష్టపరిచారు. ఎదురుదిశలో కూడా హద్దు గీసినది ఆయనే. రూపాదులు లేని బ్రహ్మము ప్రత్యక్షానికి అందదు, లింగం లేదు కనుక అనుమానానికి అందదు, శాస్త్రమే దానికి ప్రమాణమని శాస్త్రయోనిత్వాధికరణం సిద్ధాంతం. కన్ను శబ్దాన్ని వినదు, చెవి రూపాన్ని చూడదు. ఒక ప్రమాణం తన విషయంలో సర్వతంత్రం, పరుల విషయంలో మూగ. డెసి బ్రహ్మమును స్థాపించలేదు, నిరసించనూ లేదు. ఉపనిషత్తు కృష్ణ పదార్థాన్ని బోధించలేదు, నిషేధించనూ లేదు.

మరి సృష్టిశ్రుతుల మాటేమిటని ప్రశ్న రావచ్చు. తైత్తిరీయం ఆకాశంతో సృష్టిక్రమాన్ని ప్రారంభిస్తుంది. ఛాందోగ్యం తేజస్సుతో ప్రారంభిస్తుంది. ఈ భేదానికి భాష్యకారులు కలవరపడలేదు. సృష్టిక్రమం తెలుసుకున్నందువల్ల పురుషార్థమేదీ చెప్పబడలేదు కనుక శ్రుతికి అక్కడ తాత్పర్యం లేదు. సృష్టికథ అద్వయాత్మను బుద్ధిలో ప్రవేశపెట్టే ఉపాయమని గౌడపాదాచార్యులు కారికలలో తేల్చిచెప్పారు. శ్రుతికే తాత్పర్యం లేని అంశంలో శ్రుతిచేత సాక్ష్యం చెప్పించడం భక్తి కాదు, బలాత్కారం. నాసదీయసూక్తంలో తమస్సు ప్రస్తావన చూసి మురిసేవారు ఆ సూక్తం దేనితో ముగుస్తుందో మరువరాదు. సృష్టి ఎక్కడినుంచి వచ్చిందో పరమవ్యోమంలోని అధ్యక్షుడికైనా తెలుసునో లేదో అన్న మహాసంశయంతో అది ముగుస్తుంది. తెలియదని చెప్పగల ధైర్యం ఋషిది. అన్నీ ముందే తెలుసునన్న అహంకారాన్ని ఋషికి అంటగట్టడం ఋషిఋణం తీర్చే మార్గం కాదు.

జ్యోతిశ్శాస్త్రంలో ఈ వివేకం ఆచరణలోనే కనిపిస్తుంది. కేరళలో పరమేశ్వరుడు దశాబ్దాల తరబడి గ్రహణాలను పరిశీలించి, పాత గణితం ఆకాశంతో కలవకపోవడం చూసి, 1431లో దృగ్గణితాన్ని రచించాడు. ఆయన కుమారుడైన దామోదరుని శిష్యుడు నీలకంఠ సోమయాజి జ్యోతిర్మీమాంసలో, శాస్త్రం దేవతాదత్తం కనుక పరీక్షింపరాదన్నవారిని నిలదీశాడు. దేవతాప్రసాదం అంటే బుద్ధికి నైర్మల్యం కలగడమే కాని, బ్రహ్మయో సూర్యుడో దిగివచ్చి గణితం చెప్పడం కాదని ఆయన నిర్ణయం. సోమయాగం చేసిన వైదికుడు, షడ్దర్శన పండితుడు పలికిన మాట ఇది. గ్రంథానికి, ఆకాశానికి భేదం వస్తే గ్రంథాన్ని దిద్దినవాడు సంప్రదాయద్రోహి కాలేదు. సంప్రదాయం ఆయనను ఆచార్యునిగానే స్మరిస్తున్నది.

రెండవ ప్రతివాది

ఇంతవరకు చెప్పినది విని ఇంకొకవైపు ఆనందించేవారు ఉండవచ్చు. విశ్వమంతా పటంలోకి ఎక్కుతున్నది, ఆత్మకు ఎక్కడా చోటు కనిపించలేదు, కనుక వేదాంతం కల్పన అని వారి వాదం. ఇది మొదటి దోషానికి ప్రతిబింబమే. ఒకరు బ్రహ్మమును పటంలో చూపుతారు. మరొకరు పటంలో లేదు కనుక లేదంటారు. బ్రహ్మము పటంలో ఉండదగిన వస్తువన్న అపోహ ఇద్దరికీ సమానం. కోటి గెలాక్సీలను వరుసగా రాసిన పట్టికలో, ఆ పట్టిక ఎవరికి తెలుస్తున్నదో వాని పేరు ఉండదు. పట్టికలో లోపమని దీనికి అర్థం కాదు. పట్టిక ఆ ప్రశ్న వేయలేదని మాత్రమే. వేయని ప్రశ్నకు సమాధానం దొరకలేదని ప్రకటించడం పరిశోధన అనిపించుకోదు.

సాధకునికి మిగిలేది

ఈ చర్చలో పణంగా ఉన్నది పండితుల ప్రతిష్ఠ కాదు, ఒక తరం శ్రద్ధ. కృష్ణ శక్తియే బ్రహ్మమని బాల్యంలో విన్న విద్యార్థి పెరిగి భౌతికశాస్త్రం చదువుతాడు. ఆ మాట అసంగతమని అతనికి ఒక పూటలో తెలుస్తుంది. ఆనాడు అతడు వక్తను మాత్రమే విడిచిపెట్టడు. వక్త చేతిలో ఉన్న ఉపనిషత్తును కూడా విడిచిపెడతాడు. నాస్తికగ్రంథం చేయలేని పనిని అత్యుత్సాహం చేస్తుంది. ఆ విద్యార్థికి వేదాంతం ఏం చెబుతుందో చెప్పి ఉంటే, అతడు పగలు వర్ణపటాలు చదివి సాయంకాలం ఉపనిషత్తు వినగలిగేవాడు. ఒకదానికి మరొకటి అడ్డు వచ్చేది కాదు.

జ్ఞానం వస్తుతంత్రం, పురుషతంత్రం కాదని శాంకరభాష్యం బోధిస్తుంది. కర్మను చేయవచ్చు, మానవచ్చు, వేరొకలా చేయవచ్చు. స్తంభాన్ని మాత్రం స్తంభమనే తెలుసుకోవాలి, ఇష్టం వచ్చినట్లు పురుషుడని తెలుసుకోవడం జ్ఞానం కాదు. డెసి శాస్త్రజ్ఞులు తమ విశ్లేషణలో పాటించిన నియమం ఒకటి ఇక్కడ గమనింపదగినది. తమకు ఇష్టమైన ఫలితం వైపు తామే తెలియకుండా మొగ్గకుండా ఉండేందుకు, వారు సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా మరుగుపరచి, విశ్లేషణపద్ధతి పూర్తిగా స్థిరపడిన తర్వాతనే ముసుగు తొలగించారు. వందల మంది పరిశోధకులు తమ ఆశను తమ కంటికి అడ్డు రానీయకుండా కట్టుకున్న కట్టుబాటు అది. వారు వేదాంతులు కారు, కానవసరం లేదు. అయినా వస్తుతంత్రమైన జ్ఞానానికి కావలసిన నిగ్రహం వారి పనిలో కనిపిస్తున్నది. వేదాంతం పేరు చెప్పే సభలో కనిపించడం లేదు. ఏ పక్షం సిగ్గుపడాలో వేరుగా చెప్పనక్కరలేదు.

పూర్వులను గౌరవించాలన్న కోరిక నిజమైనదైతే దానికి సన్మార్గం ఉన్నది. 1901లో హైదరాబాదులో నవాబ్ జాఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల, ప్యారిస్ కేంద్రంగా సాగిన అంతర్జాతీయ నక్షత్రపట సర్వేక్షణలో భాగం స్వీకరించింది. తనకు కేటాయించిన ఆకాశఖండాన్ని ఫొటో పలకలపై నమోదు చేసి, ఏళ్ల తరబడి ఒక్కొక్క చుక్కనూ కొలిచి, లక్షల నక్షత్రాల స్థానాలతో సంపుటాలు ప్రచురించింది. తెలుగునేలపై జరిగిన ఆ తపస్సును స్మరించే వక్త సభలలో అరుదు. చేసిన పనిని మరచి, చేయని ఆవిష్కరణకు చప్పట్లు కోరడం గౌరవం కాదు.

కృష్ణ పదార్థం అంటే ఏమిటో ఇంకా తెలియదు. భూగర్భ ప్రయోగశాలలలో దాని కణం ఇంతవరకు చిక్కలేదు. గురుత్వనియమాన్నే సవరించాలనే పక్షం కూడా 1983లో మిల్‌గ్రోమ్ ప్రతిపాదించిన నాటినుంచి ఉన్నది. అది తేల్చవలసిన బాధ్యత కిట్ పీక్‌ది, సెర్రో పచోన్‌ది, యూక్లిడ్‌ది. ఆ సమాధానం ఏదైనా సాధకుని సాధనలో ఒక్క అక్షరం మారదు. వివేకం, వైరాగ్యం, శమాది షట్కం, ముముక్షుత్వం అనే సాధనచతుష్టయంలో విశ్వద్రవ్యపరిమాణ జ్ఞానం లేదు. గీతాచార్యుని చరణాలను ఆశ్రయించినవానికి ఆయన నల్లదనం కాంతిలేమి కాదని తెలుసు; ఆయన కరుణను కొలిచే వర్ణపటమాపకం లేదనీ తెలుసు. గెలాక్సీలను గెలాక్సీలుగా కొలవనివ్వాలి. బ్రహ్మమును శ్రవణ మనన నిదిధ్యాసనలకే విడిచిపెట్టాలి.

స్వస్తి.